రెక్క వంచిన రోజు

రిటైరైన ఫైటర్ పైలట్లు నలుగురు చేరిన చోటికి నేను పోను. పదేళ్లుగా పోలేదు. పిలుపులు మాత్రం వస్తూనే ఉంటాయి. ఏడాదికోసారి ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక హోటల్లో కలుస్తారు. రంగేసిన మీసాలు, బొజ్జల మీద బిగిసిన పాత స్క్వాడ్రన్ టీషర్టులు. రెండు గ్లాసులు లోపలికి పోగానే అందరి చేతులూ విమానాలైపోతాయి. కుడిచెయ్యి లీడరు, ఎడమచెయ్యి నంబర్ టూ. ఆ చేతుల్ని గాల్లో పక్కపక్కన తిప్పుతూ, "రెక్కకీ రెక్కకీ మధ్య మూరెడు జాగా లేదు, అయినా ఒక్క చుక్క చెమట పట్టలేదు" అంటారు. అబద్ధం. ఫార్మేషన్‌లో ఎగిరిన ప్రతివాడికీ చెమట పట్టింది. నాకైతే వెన్ను మీది నుంచి బూట్లలోకి కారేది.

ఫార్మేషన్ అంటే మూడో నాలుగో యుద్ధవిమానాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఒకే ఆకారంలో ఎగరడం. ముందు పోయేవాడు లీడరు. దారి, ఎత్తు, వేగం అన్నీ అతని ఇష్టం. రెండోవాడికీ మూడోవాడికీ ఒకటే పని: లీడరు విమానం మీది నుంచి చూపు తిప్పకుండా ఉండటం. కింద ఏముందో, ముందు ఏముందో, ఎటు పోతున్నామో వాళ్లకు అనవసరం. లీడరు కొండను గుద్దితే పక్కవాళ్లూ అదే కొండను గుద్దాలి. మాకు నేర్పిన నీతి అది. దాన్ని నమ్మకం అనేవాళ్లు, సోదరభావం అనేవాళ్లు. గొర్రెల మందకు కూడా ఆ నమ్మకం ఉంటుంది. గొర్రెలకు పతకాలివ్వరు, అంతే తేడా.

నా ఫైటర్ జీవితంలో సగానికి పైగా నేను నంబర్ టూని. ఆ కాలమంతా నేను చూసింది ఆకాశాన్ని కాదు. లీడరు విమానం పొట్ట పక్కన ఒక నూనె మరక. రెక్క మొదట్లో రివెట్ల వరస. తోకకు దగ్గరలో పెచ్చులూడిన రంగు. ఆ మరకా ఆ రివెట్టూ నా కంటికి ఒకే గీత మీద ఉంటే నేను సరైన చోట ఉన్నట్టు. కొంచెం జరిగితే తిట్లు. నలభై నిమిషాలు మెడ ఒకే పక్కకు తిప్పి అలాగే చూస్తుండాలి. "పైనుంచి హిమాలయాలు ఎట్లుంటాయి సార్?" అని కర్నూల్లో మా అపార్ట్‌మెంటువాళ్లు ఇప్పటికీ అడుగుతారు. "అద్భుతం" అంటాను. వాటి మీదుగా ఎన్నోసార్లు పోయాను. నాకు గుర్తున్నది మరకే.

మా లీడరు కడప జిల్లా మనిషి. వందల ఎకరాల కుటుంబం. తాతల కాలం నుంచి ఊరంతా వాళ్ల మాట మీదే నడిచింది కాబట్టి, ఆకాశం కూడా నడుస్తుందని అతను పుట్టుకతోనే అనుకున్నాడు. నాకంటే ఆరేళ్లు సీనియరు. నేను డోన్‌కు పడమర, ఎర్రనేలల్లో, వాన పడితే పంట, పడకపోతే వలస అనే ఊరి నుంచి పోయినవాణ్ణి. స్క్వాడ్రన్ మొత్తంలో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. అది నా అదృష్టమని మొదట్లో మురిసిపోయాను. తర్వాత తెలిసింది, అతను మిగతావాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడి, నాతో మాత్రం తెలుగులో పని చెప్తాడని. "ఆ బ్యాగు తీసుకరా పో అప్పా" అనేవాడు అందరి ముందూ, నవ్వుతూ. పక్కవాళ్లు దాన్ని ఊరివాళ్ల చనువు అనుకునేవాళ్లు. మా ఊళ్లో పెద్దింటివాళ్లు జీతగాళ్లతో అదే నవ్వుతో మాట్లాడతారని వాళ్లకు తెలియదు కదా.

ఆ రోజు మాకు తక్కువ ఎత్తులో ఎగిరే శిక్షణ. మూడు విమానాలు. లీడరు మధ్యన, నేను అతనికి కుడిపక్క, ఎడమపక్క మూడో నంబరు. ఆ మూడో అతనిది కేరళ, తెలుగు ఒక్క ముక్క రాదు. దారి గీసింది లీడరే. మా స్థావరం నుంచి దక్షిణంగా వచ్చి, పడమటి కర్నూలు పల్లెల మీదుగా తిరిగి, డోన్ జంక్షన్ దగ్గర రైలు పట్టాలు కలిసే చోటు గుర్తుపట్టి, తూర్పుకు మళ్లి వెనక్కి పోవాలి. డోన్ నుంచి తూర్పుకు మళ్లడంలో శిక్షణ ఏముందో నాకు అర్థం కాలేదు. ఎగరబోయే ముందు లీడరు మ్యాపు మీద వేలు పెట్టి, "ఈడ బనగానపల్లె. మా అత్తగారి మామిడితోట. ఈ పొద్దు మా బామ్మర్ది పెండ్లి భోజనాలు" అన్నాడు నాకొక్కడికే వినబడేలా. పెళ్లికి బ్యాండు మేళం ఎవరైనా పెడతారు. అతను ప్రభుత్వం విమానాలు మూడు పెట్టాడు.

తక్కువ ఎత్తులో పోయేటప్పుడు మామూలుగా విమానాలు దూరదూరంగా ఉంటాయి. ఎవరి ముందు ఏముందో వాళ్లు చూసుకోవాలి కాబట్టి. తోట మీదికి ముచ్చటగా పోవాలని, డోన్ ఇంకా రాకముందే లీడరు మమ్మల్ని దగ్గరికి రమ్మన్నాడు. మధ్యాహ్నం. తొలకరి పడి నాలుగు రోజులై మళ్లీ ఎండ కాసింది. కాగిన నేల మీది నుంచి లేచే గాలి విమానాల్ని చాటలో గింజల్లా ఎగరేస్తోంది. నేను మరకను చూస్తూ, పళ్లు బిగబట్టి, విమానాన్ని తిప్పే కట్టెను అటూ ఇటూ సర్దుకుంటున్నాను.

అప్పుడు చెవుల్లో లీడరు గొంతు. తెలుగులో.

"నంబర్ టూ, కింద మీ ఊరొస్తాండాది. సూసుకో."

నవ్వుతున్నాడని గొంతులో తెలిసింది. రేడియోలో అట్లా మాట్లాడకూడదు. నంబర్ టూని చూపు తిప్పమని ఏ లీడరూ చెప్పకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ లీడరు చెప్పింది చెయ్యడం తప్ప ఇంకేమీ నాకు నేర్పలేదు. చూశాను.

ఒక్క సెకను. ఎర్రటి నేల, కొన్ని చుక్కలు, ఒక తెల్లటి గోడలాంటిది. అది మా ఊరో, పక్కూరో కూడా తెలియలేదు. తల తిప్పేసరికి లీడరు విమానం నా అద్దం నిండా ఉంది. మరక కాదు, రివెట్లు కాదు, మొత్తం ఇనుపగోడ. నేను విమానాన్ని కుడికి విరిచాను. కుడి రెక్క నేల వైపు వాలింది. ఆ ఎత్తులో, ఆ వేగంలో, ఇంకో రెండు సెకన్లు అట్లాగే ఉండి ఉంటే నేను ఈ ముక్క రాసేవాణ్ణి కాదు. ఎట్లాగో సరిచేసుకుని పైకి లేచాను. లీడరు ఇంగ్లీషులో బూతులు తిట్టాడు. తిడుతూనే మళ్లీ దగ్గరికి రమ్మన్నాడు, తోట వచ్చేస్తోంది కనక. పోయి మళ్లీ మరక పక్కన నిలబడ్డాను. పెళ్లివాళ్లు విస్తళ్ల ముందు నుంచి లేచి చప్పట్లు కొట్టారని తర్వాత అతనే చెప్పాడు.

దిగాక, స్క్వాడ్రన్ అందరూ కూర్చున్న గదిలో నన్ను నిలబెట్టాడు.

"చూపు ఎందుకు తిప్పావు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నేను అతని కళ్లలోకి చూశాను. ఆ కళ్లలో భయం లేదు, బతిమాలడం లేదు. నేను చెప్పనని గట్టి నమ్మకం మాత్రం ఉంది. నేను చెప్పలేదు. "నా తప్పు సార్" అన్నాను. మూడో నంబరు అమాయకంగా చూస్తున్నాడు. రేడియోలో ఏదో తెలుగు మాట విన్నాడు గానీ, అది తిట్టో పాటో అతనికి తెలియదు. ఆ మౌనాన్ని చాలా ఏళ్లు నేను విధేయత అని పిలుచుకున్నాను. భయానికి మనిషి ఎంత మంచి పేర్లు పెట్టుకుంటాడో!

నెల రోజులు నన్ను ఫార్మేషన్‌లో ఎగరనివ్వలేదు. ఆ ఏటి నివేదికలో "ఏకాగ్రత చాలదు" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి రాశాడు. ఒక్క వాక్యం. అది నాతోపాటు స్థావరం నుంచి స్థావరానికి తిరిగింది. ఆ తర్వాత ఏడేళ్లు నన్ను ఎవరూ లీడరుగా పంపలేదు. నాకంటే చిన్నవాళ్ల పక్కన, వాళ్ల మరకలు చూస్తూ ఎగిరాను.

ఆ ఏడు సెలవుకు ఊరికి పోతే బస్సు దిగిన దగ్గర్నుంచే జనం. నేను మా ఊరి మీదికి విమానం తెచ్చి, రెక్క వంచి ఊరికి దండం పెట్టానట. ఒకాయన నా చెయ్యి ఊగిందన్నాడు. ఇంకొకాయన నా మీసం కనబడిందన్నాడు, నాకు అప్పటికి మీసమే లేదు. అసలు ఆ రోజుల్లో ఏ విమానం పోయినా మా అమ్మకు దాంట్లో ఉండేది నేనే. ఈసారి నిజంగానే నేనని నా నోటనే తెలిసి, "రెక్క వంచి నాకు దండం పెట్టినాడు నా కొడుకు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. వాళ్లు పూలదండ వేశారు. ఊరి బడిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను. కాదని ఒక్కసారి కూడా అనలేదు. అక్కడ స్క్వాడ్రన్‌లో అవమానం, ఇక్కడ ఊళ్లో దండ. రెండూ ఒకే సెకనుకు. దండ బాగానే ఉంది మరి, ఎవరు కాదంటారు?

మా నాయన ఆ గుంపులోకి రాలేదు. పశువుల కొట్టం ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాక చాలాసేపటికి, "ఆ ముందర పోతాండిన్యోడు ఎవురు?" అని అడిగాడు.

"మా లీడర్ నాయనా."

"ఊఁ" అన్నాడు. మళ్లీ తాడు పేనడంలో పడ్డాడు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు.

ఇదంతా జరిగి ముప్పై ఏళ్లు దాటింది. మా అమ్మా నాయనా ఇద్దరూ పోయారు. నేను రిటైరై కర్నూల్లో ఉంటున్నాను. లీడరు పెద్ద ర్యాంకులో రిటైరై కొన్నాళ్లు ఢిల్లీలో ఉండి, తర్వాత మన దేశానికి తన అవసరం ఇంకా ఉందని గ్రహించి రాజకీయాల్లోకి వచ్చాడు. ఏ పార్టీ అని అడగకండి, మీరు ఇది చదివేలోగా మారి ఉండవచ్చు. పోయినేడు అతనికి ఒక సీటు మీద ఆశ పుట్టింది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, బాగుండావా? నందికొట్కూరులో సభ పెడతాండా. దేశసేవ చేసినోళ్లకు సన్మానం. నీకూ చేస్తాండాం."

"నాకెందుకు సార్. ఆరోగ్యం బాగాలేదు" అన్నాను.

"అట్లంటే ఎట్లప్పా? మీ ఊరికి రెండు టెంపోలు పంపిస్తాండా. మీ చిన్నాయనకు నేనే ఫోన్ చేసి చెప్పినా. ముసలాయన శానా సంతోషపడినాడు."

అదీ అతని పద్ధతి. మనల్ని అడిగే ముందే మన వెనకవాళ్లను కట్టేస్తాడు. మా నాయన తమ్ముడికి ఎనభై దాటాయి. ఆయన టెంపోలో గంటలకొద్దీ కూర్చుని వస్తుంటే నేను పోకుండా ఎట్లా ఉంటాను? పోయాను. పోయేటప్పుడు ఒక నిర్ణయం మాత్రం చేసుకున్నాను. మైకు నా చేతికిస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానని.

సభ ఒక కల్యాణ మండపంలో. గేటు దగ్గర మనిషెత్తు ఫ్లెక్సీ. లీడరు చేతులు జోడించి ఉన్నాడు, వెనక ఒక యుద్ధవిమానం. దగ్గరికి పోయి చూశాను. అది మనది కాదు. ఏ దేశందో, ఇంటర్నెట్‌లో దొరికింది పెట్టారు. తోక మీద ఆ దేశం గుర్తు కూడా చెరపలేదు. దేశభక్తి సభకు వచ్చిన అయిదారు వందల మందిలో దాన్ని పట్టించుకున్నవాడు ఒక్కడూ లేడు. లోపల వేదిక మీద పెళ్లివాళ్లకు వేసే ఎర్ర వెల్వెట్ కుర్చీలు. నన్ను ఒకదాంట్లో కూర్చోబెట్టారు. ముందు వరసలో మా చిన్నాయన, తెల్ల పంచె, తలకు తువ్వాలు, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని.

లీడరు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ వయసులోనూ గొంతు ఖంగుమంటోంది. ఫార్మేషన్ గురించి చెప్పాడు. రెక్కా రెక్కా కలిపి ఎగరడం అంటే అన్నదమ్ముల బంధమన్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించాడు.

"ఈయప్ప నా నంబర్ టూ. ఒకనాడు ఈయప్ప ఊరి మీదుగా పోతాండాం. నేను రేడియోలో చెప్పినా: తమ్ముడూ, అది నీ జన్మభూమి, నేను విమానాన్ని నిలకడగా పట్టుకుంటా, నువ్వు పోయి దండం పెట్టిరా అని. ఈయప్ప రెక్క వంచి తల్లికి నమస్కారం చేసినాడు. నా కండ్లల్లో నీళ్లు తిరిగినాయి."

మండపం మార్మోగింది. మా ఊరివాళ్లు లేచి నిలబడి ఈలలు వేశారు. నేను అతని మొహం చూస్తున్నాను. ఆశ్చర్యమేమిటంటే ఆ కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. అబద్ధమాడేవాణ్ణి అసహ్యించుకోవచ్చు. తన అబద్ధానికి తానే ఏడ్చేవాణ్ణి ఏం చెయ్యాలో నాకు తెలియదు.

నాకు శాలువా కప్పి మైకు ఇచ్చారు. నిలబడ్డాను. అనుకున్నట్టే చెప్పాను.

"సార్ చెప్పినట్టు జరగలేదు. నేను ఎవరికీ దండం పెట్టలేదు. సార్ చూడమంటే చూశాను. అది తప్పు. నా విమానం సార్ విమానాన్ని గుద్దబోయింది. తప్పించుకోడానికి విరిచాను, అప్పుడు రెక్క వంగింది. భయంతో వంగింది. మా ఊరు నాకు కనబడనే లేదు. ఆ రోజు మేం పోయింది బనగానపల్లెలో సార్ అత్తగారింటి పెళ్లికి."

ఇదిగో, ఇప్పుడు ఆ అబద్ధం పగులుతుంది అనుకున్నాను. అప్పుడు సభ నడిపే ఆయన మైకు లాక్కుని, "చూశారా ఎంత వినయం! నిజమైన వీరుడు తన గొప్ప తాను చెప్పుకోడు!" అన్నాడు. ముందరి కంటే పెద్ద చప్పట్లు. పెళ్లి మాటకు కొందరు నవ్వారు, హాస్యమనుకున్నారు. లీడరు వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఫొటోలవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. జనం తమకు కావలసిందే వింటారు. నిజాన్ని కూడా కడిగి, పిండి, తమ దండెం మీద ఆరేసుకుంటారు.

భోజనాలకు వదిలారు. బక్షాలు, నెయ్యి, చిత్రాన్నం. నేను తినలేకపోయాను. చేతులు కడిగే కొళాయిల దగ్గర చిన్నాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా మొహంలోకి చూసి నవ్వాడు.

"ఏం అబ్బీ, ఆ మాట చెప్పేకి నీకు ఇన్నేండ్లు పట్టెనా?"

"నేను చెప్పింది నువ్వు నమ్మినావా చిన్నాయనా?"

"నమ్మేదేముండాది? మాకు ఆ పొద్దే తెలుసు. మీ నాయన చెప్పినాడు."

ఆయన కొళాయి కట్టేసి, తువ్వాలుతో నెమ్మదిగా చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఆ పొద్దు సేన్లో శెనక్కాయ బుడ్డలు ఇత్తుతాంటిమి. మూడు ఇత్తనం గొర్లు కట్టింటిమి. మీ నాయన ముందర, నేను ఆయన పక్కన, అవతల ఇంగొకడు. విమానాలు నెత్తిమీద పోతానే ఎద్దులు బెదిరిపాయ. ఇత్తనం పోసే ఆడోళ్లు సాల్లల్లోనే కూలబడిరి. సద్ది తెచ్చిన మీయమ్మ, మా అబ్బోడు దండం పెట్టినాడని ఏడిసె. మీ నాయన ఎద్దుల్ని నిలబెట్టి, అవి పోయిన దిక్కే సూస్తా, 'దండం కాదు ఏం కాదు. రెండోది సాలు తప్పింది' అన్యాడు."

"అంత దూరం నుంచి ఎట్ల తెలుస్తుంది?"

"ఎందుకు తెలీదు? నలభై ఏండ్లు గొర్రు తోలినోడు. సాలు పట్టి పోయేదానికి, సాలు తప్పి మళ్లీ ఎక్కేదానికి తేడా తెలీదా? 'ముందర తోలేటోడు ఏదో కూసింటాడు, వీడు తల తిప్పింటాడు' అని కూడా అన్యాడు. అప్పుడు దాంట్లో నువ్వుండావని మాకేం తెలుసు? నువ్వు సెలవుకొస్తివి. ఊరంతా పొగుడుతాంటే నీ మొగం సూసినాడు. 'ఆ రెండోదాంట్లో ఉండింది మావాడే' అన్యాడు నాతో."

విత్తనం వేసే గొర్రును చాలు తప్పకుండా తోలడం నాకూ తెలుసు. సెలవుల్లో నేనూ తోలాను. ముందు గొర్రు తోలేవాడు ఎదర ఒక చెట్టునో గట్టునో గుర్తుపెట్టుకుని వెనక్కి తిరగకుండా, మాట్లాడకుండా పోవాలి. అతను నోరు తెరిస్తే పక్కవాడి ఎద్దులు అడుగు తప్పుతాయి. మా నాయనకు తెలిసిన ఆ మాత్రం సంగతి, ఇన్ని పతకాలు తగిలించుకున్న మా లీడరుకు తెలియలేదు.

"మరి నాతో ఎందుకు ఒక్క మాట అనలేదు చిన్నాయనా?"

"అంటే ఏమొస్తాది? సాలు తప్పినోన్ని అందరి ముందర నిలబెట్టి తిడతామా? ఇత్తనం మొలిసినాక వంకర అదే కనపడతాది అన్యాడు మీ నాయన. నువ్వే చెప్తావనుకున్యాడు. నువ్వు చెప్పకపోతివి."

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం శాలువా కింద ఒళ్లు కాలిపోయింది. అన్నేళ్లూ నేను లీడరును ఛీ అనుకుంటూ బతికాను. అతనొక్కడే నన్ను వెనక్కి లాగాడని, నా జీవితం ఒక్క వాక్యంతో చెడగొట్టాడని. మరి ఊళ్లో దండ వేసుకుని కుర్చీలో కూర్చున్నది ఎవరు? అతను తన అబద్ధాన్ని అయిదారు వందల మందికి చెప్పాడు. నేను నా అబద్ధాన్ని మా అమ్మకు, ఆమె పోయేదాకా, నోరు మెదపకుండా తినిపించాను. పక్కనే ఉన్న మా నాయన అంతా తెలిసి, నేను నోరు విప్పుతానేమోనని చూస్తూ తాడు పేనుకున్నాడు.

చిన్నాయనను నీడలో కూర్చోబెట్టి లీడరును వెతుక్కుంటూ పోయాను. మండపం వెనక పెళ్లికూతురిని ముస్తాబు చేసే గదిలో ఉన్నాడు, ఏసీ ఉన్నది అక్కడే కనక. చుట్టూ బల్బులున్న అద్దం ముందు కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. అద్దంలోనే నన్ను చూసి, "రాప్పా. బాగ మాట్లాడినావు. జనానికి శానా ఎక్కింది" అన్నాడు.

"సార్, నేను వినయంతో చెప్పలేదు. నిజం చెప్పాను. ఆ రోజు చూసుకో అన్నది మీరు."

"అనింటా" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆ మాట కోసం నేను ఎన్ని వాదనలు తయారు చేసుకున్నానో! ఎన్ని రకాలుగా అతను కాదంటాడో, నేను ఎట్లా ఒప్పిస్తానో! అతను ఒక్క మాటలో ఇచ్చేశాడు, జేబులోంచి తమలపాకు తీసి ఇచ్చినట్టు.

"మరి నివేదికలో ఏకాగ్రత లేదని రాశారే?"

"ఇంగేం రాయాల? దోవ మార్చుకోని పెండ్లికి పోయినాం, రేడియోలో తెలుగు మాట్లాడినా అని నా మీద నేనే రాసుకుంటానా? ఆ సంవత్సరం నాకు ప్రమోషన్ ఉండె. నువ్వు చిన్నోనివి, తట్టుకుంటావులే అనుకుంటి. తట్టుకున్యావు కదా?" అని, కుర్చీ నా వైపు తిప్పాడు. "అయినా నేను చూడమంటే నువ్వెందుకు చూసినావప్పా? కొండకు గుద్దమంటే గుద్దుతావా?"

"గుద్దమనే కదా సార్ నేర్పింది."

అతను తొడ మీద చరిచి పెద్దగా నవ్వాడు.

"ఈ మాట స్టేజీ మీద చెప్పింటే ఇంగా చప్పట్లు పడుండు కదప్పా!"

నాకప్పుడు కోపం రాలేదు. జాలి అంతకంటే రాలేదు. ఇంత చిన్న మనిషి వెనకనా నేను ఇన్నేళ్లు మెడ తిప్పి ఎగిరింది అనిపించింది. శాలువా తీసి అక్కడి బల్ల మీద, పౌడర్ డబ్బాల పక్కన పెట్టాను. "మర్చిపోతాండావు" అని అతనే మళ్లీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పారెయ్యడం కూడా రాలేదు నాకు.

చిన్నాయనను టెంపోలో పంపకుండా నా కారులోనే ఊరికి తీసుకుపోయాను. దారిలో ఆయన వానల గురించి, పక్కూళ్లో ఎవరో వేసిన బోరు గురించి మాట్లాడాడు. సభ మాట ఎత్తలేదు. ఇంటి ముందు దింపాక కర్ర ఊతంతో రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "తిన్లేదు నువ్వు. లోపలికి రా, సంగటి ఉండాది" అన్నాడు. లోపలికి పోయి తిన్నాను. వీధిలోంచి నలుగురు వచ్చి, పొద్దున నేను ఎంత బాగా మాట్లాడానో చెప్పారు. నేను మళ్లీ అదే కథ, అదే వరసలో, నిదానంగా వాళ్లకు చెప్పాను. ఇద్దరు నమ్మలేదు. ఒకామె మాత్రం, "అయితే మీయమ్మకు తెలీనే తెలీదా?" అని అడిగింది. తెలియదన్నాను. ఆమె ఇంకేమీ అడక్కుండా లేచి వెళ్లిపోయింది. ఆ రోజంతటిలో, ముందే తెలిసిన చిన్నాయన కాక, నేను చెప్పింది చెప్పినట్టు విన్నది ఆమె ఒక్కతే.

సభ వీడియో తర్వాత ఫోన్లలో తిరిగింది. లీడరు మాట్లాడిందంతా ఉంది. నేను శాలువా కప్పించుకోవడం ఉంది. మైకు పట్టుకున్న దగ్గర కోసేసి, కౌగిలింత దగ్గర అతికించారు. వెనక ఏదో దేశభక్తి బాణీ. లీడరుకు ఆ సీటు రాలేదు. అతని కంటే పెద్ద అబద్ధాలు, గట్టి మనుషులు ఉన్నవాడికి వచ్చింది. అతను వెంటనే పార్టీ మారాడు.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి సభ కడపలోనట. రాననే చెప్పాను, కారణం కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పాను. అతను నొచ్చుకోలేదు. "ఆలోచించుకో అప్పా" అని పెట్టేశాడు. నా భార్య వంటింట్లోంచి చూస్తోంది. "ఫోన్లో అంత గట్టిగా కాదన్నారు సరే, లేచి నిలబడి మాట్లాడారెందుకు?" అంది. అప్పుడు చూసుకున్నాను. కుర్చీ పక్కన, మడమలు కలిపి, నిటారుగా నిలబడి ఉన్నాను.